సీడీ వేషం వేసిన మోడెం

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, పాత విద్యార్థిని గనక కళాశాల జ్ఞాపకాలు రాస్తాననుకున్నారు కాబోలు. జ్ఞాపకం ఒకటి ఉంది గాని అది మొఘల్‌పురాలో మా ఇంటి మిద్దెమీదిది. 2012లో ఒక రాత్రి వేలెడంత డేటాకార్డుతో నేను పడిన పాట్లు చెబుతాను. సైన్సు చదవని మిత్రులు కూడా భయపడకుండా చదవవచ్చు.

ఆ ఏడు మా చెల్లెలు ఎంసెట్ రాసింది. వెబ్ కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టే గడువు మర్నాటితో సరి. షాలిబండలో ఒక నెట్ సెంటరులో రెండు గంటలు కూర్చుంటే, సగంలో కరెంటు పోయి పెట్టినవన్నీ గంగలో కలిశాయి. మా గల్లీలోకి బ్రాడ్‌బ్యాండు తీగ అప్పటికి రాలేదు. నా దగ్గరున్నది ఒక స్నేహితుడు పారెయ్యబోతే తెచ్చుకున్న లాప్‌టాప్. దానిలో విండోస్ లేదు, డెబియన్ లినక్స్ ఉంది. డేటాకార్డు అమ్మిన దుకాణదారు ఆ సంగతి వినగానే పెదవి విరిచాడు. "లినక్స్ మే నై చల్తా భాయ్. విండోస్ డాల్ లో." డబ్బు మాత్రం తీసుకున్నాడు.

ఇంటికొచ్చి కార్డు గుచ్చాను. దీపం వెలిగింది. తెరమీద మాత్రం సీడీ బొమ్మ ఒకటి ప్రత్యక్షమైంది! నేను కొన్నది మోడెం, యంత్రానికి కనిపించింది సీడీ డ్రైవు.

దీని కథ ఏమంటే, ఆ రోజుల్లో డేటాకార్డుతోపాటు వేరే డ్రైవరు సీడీ ఇవ్వడం ఖర్చని, తయారీదార్లు ఆ సాఫ్ట్‌వేరును కార్డులోనే దాచేవారు. గుచ్చగానే కార్డు "నేను సీడీని" అని చెప్పుకుంటుంది. విండోస్ ఆ సీడీలోని సాఫ్ట్‌వేరును ఎక్కించుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేరు కార్డుకు ఒక చిన్న సంకేతం పంపిస్తుంది. అప్పుడు కార్డు వేషం తీసేసి మోడెంగా మారుతుంది. లినక్స్ ఆ సాఫ్ట్‌వేరును నడపలేదు గనక సంకేతం పంపేవాడు లేడు, కార్డు సీడీగానే కూర్చుంటుంది. దుకాణదారు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదన్నమాట. లినక్స్‌కు చేతగాక కాదు, అడగాల్సిన మాట ఎవరూ అడగక.

ఆ మాట అడగడానికే 'యూఎస్‌బీ మోడ్‌స్విచ్' అని ఒక ప్రోగ్రాము ఉంది. దాన్ని తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే అది కావాలి. విత్తు ముందా చెట్టు ముందా! అంతలో తట్టింది: సీడీని బయటికి తోసే 'ఈజెక్ట్' ఆజ్ఞ కూడా ఆ రకం సంకేతమే కదా. కొట్టాను. లాప్‌టాప్ అసలు సీడీ ట్రే టక్కున బయటికొచ్చింది. చెల్లెలు పడీపడీ నవ్వింది. రెండో సీడీ పేరు, అంటే ఎస్ఆర్1, చెప్పి మళ్ళీ కొట్టాను. కార్డు దీపం ఆరి మళ్ళీ వెలిగింది. 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అనే ఆజ్ఞతో చూస్తే కార్డు గుర్తింపు సంఖ్య మారిపోయి ఉంది. ప్రతి యూఎస్‌బీ పరికరానికీ రెండు సంఖ్యలుంటాయి. మొదటిది తయారీదారుది, రెండోది పరికరానిది. వేషం మారినప్పుడు మారేది రెండోది. అన్ని కార్డులూ ఈజెక్ట్‌కు లొంగవు. నాది లొంగింది, అదృష్టం.

ఇప్పుడు కెర్నెల్‌లో ఉన్న డ్రైవరు దాన్ని అందుకుంది. ఆ డ్రైవరు పేరు 'ఆప్షన్'. ఆప్షన్ల కోసం తంటాలు పడుతున్న ఇంట్లో ఆ పేరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బెల్జియంలో ఆప్షన్ అనే కంపెనీ డేటాకార్డులు చేసేది. ముందు వాటికోసం రాసిన డ్రైవరు గనక ఆ పేరు నిలిచిపోయింది.

యునిక్స్ కుటుంబంలో పరికరాలు కూడా ఫైళ్ళలాగే కనిపిస్తాయి. 1969లో అమెరికాలో బెల్ లాబొరేటరీస్‌లో పుట్టిన నాటినుంచీ ఉన్న పద్ధతి అది. నా కార్డు 'టీటీవై యూఎస్‌బీ' అన్న పేరుతో 0, 1, 2 అని మూడు ఫైళ్ళుగా కనిపించింది. టీటీవై అంటే టెలిటైపు, తంతి కార్యాలయాల్లో టకటకమని కొట్టుకునే యంత్రం. అంటే 3జి కార్డుతో మనం టెలిటైపు మీద మాట్లాడినట్టే మాట్లాడాలి. భాష కూడా పాతదే. 1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెం కోసం తెచ్చిన 'ఏటీ' ఆజ్ఞలు. 'ఏటీ' అని టైపు చేస్తే 'ఓకే' అంది. ఆ రెండక్షరాలు చూసి కలిగిన సంతోషం నాకు పరీక్షా ఫలితాలలో కూడా కలగలేదు.

'ఏటీ+సీఎస్‌క్యూ' అని అడిగితే సిగ్నలు ఎంతో చెబుతుంది. 0 నుంచి 31 దాకా ఎంత ఎక్కువైతే అంత మంచిది, 99 అంటే దానికే తెలియదని. గదిలో 5 చెప్పింది. మావి పాతకాలపు మందపాటి గోడలు, సిగ్నలు లోపలికి రాదు. లాప్‌టాప్ పట్టుకుని మిద్దె ఎక్కాం. చార్మినార్ వైపు పిట్టగోడ మీద, యూఎస్‌బీ పొడిగింపు తీగతో కార్డును ఎత్తిపెడితే 17 వచ్చింది.

ఇక డయలు చెయ్యాలి. దానికి కావలసిన 'డబ్ల్యువీడయల్' ఫైళ్ళు సాయంత్రమే నెట్ సెంటరులో పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొచ్చాను. అందులో నెట్‌వర్కు వారి ఏపీఎన్ పేరు, *99# అనే నంబరు రాయాలి. దీనిలో 'స్టుపిడ్ మోడ్' అని ఒక అంశం ఉంది, దానికి 'ఎస్' అనాలి! పాత డయలప్ రోజుల్లో అవతలి కంప్యూటరు "పేరు చెప్పు" అని అడిగేది. ఈ ప్రోగ్రాము దానికోసం తెలివిగా ఎదురుచూసేది. 3జిలో అడిగేవాడే లేడు. అంచేత తెలివి పక్కనబెట్టి వెంటనే పని మొదలుపెట్టమని చెప్పాలి.

'కనెక్ట్' అని వచ్చింది. ఐపీ అడ్రసు కూడా వచ్చింది. బ్రౌజరు తెరిస్తే ఒక్క పేజీ రాదు. రాత్రి పదిన్నర.

"అన్నా, అయితదా కాదా? లేకుంటే పొద్దుగాల్ల మళ్ళ షాలిబండకు పోదాం" అంది చెల్లెలు.

అప్పుడు కోపం దిగమింగి, తెరమీద వచ్చిన వరుసలన్నీ మొదటినుంచి చదివాను. పేర్లను అంకెల అడ్రసులుగా మార్చిపెట్టే డీఎన్ఎస్ సర్వరు 10.11.12.13 అని ఉంది. లెక్కలు నేర్చుకునే పిల్లవాడు రాసినట్టుంది కదా? అది నిజమైన సర్వరు కాదు. నెట్‌వర్కు నుంచి డీఎన్ఎస్ అడ్రసు ఇంకా అందకముందే అడిగితే, కొన్ని కార్డులు ఇలా ఉత్తుత్తి అంకెలు చేతిలో పెట్టేవి. దారి బాగానే ఉంది, దారి చెప్పేవాడే లేడు. 8.8.8.8కు 'పింగ్' కొడితే జవాబు వచ్చింది. అది గూగుల్ 2009లో అందరికీ తెరిచిన డీఎన్ఎస్ సర్వరు. 'రిజాల్వ్ కాన్ఫ్' ఫైలులో ఆ అంకెలే రాశాను. కౌన్సెలింగ్ పేజీ తెరుచుకుంది.

కాగితం మీద ముందే రాసుకున్న కోడ్లు చెల్లెలు చదువుతుంటే నేను కొట్టాను. పదికోసారి సేవ్ చేశాం. రెండుసార్లు లైను తెగింది, మళ్ళీ డయలు చేశాం. అర్ధరాత్రి దాటాక దిగొచ్చాం. ఆమె కోరుకున్న ఎలక్ట్రానిక్స్ సీటే వచ్చింది.

ఇప్పటి విద్యార్థులకు ఇంత తంటా లేదు. ఫోనును తీగతో కలిపితే చాలు. 4జి డాంగిళ్ళు చాలావరకు తామే నెట్‌వర్కు కార్డులమని చెప్పుకుంటాయి, డయలింగు పనే లేదు. ఎక్కువ లినక్స్ పంపిణీల్లో మోడ్‌స్విచ్, మోడెం మేనేజరు ముందే ఉంటాయి లేదా సులువుగా దొరుకుతాయి. లాప్‌టాప్ లోపలే బిగించి వచ్చే కార్డులతో మాత్రం కొత్త చిక్కుంది. కొన్నింటికి అమెరికా నియంత్రణ సంస్థ నిబంధన పేరిట తాళం వేసి పంపుతారు. కార్డు కనిపిస్తుంది, సిమ్ కనిపిస్తుంది, రేడియో మాత్రం లేవదు. 2021 చివరినుంచి మోడెం మేనేజరు ఆ తాళం తనంతట తాను తియ్యడం మానేసింది. తీసే స్క్రిప్టు దానితోపాటే వస్తుంది గాని, దాన్ని పనిలో పెట్టాల్సింది మనమే. అలాంటిదెవరికైనా ఎదురైతే దుకాణానికి పరుగెత్తకముందు లాగ్ తెరిచి చదవండి. ఏ మెట్టు దగ్గర ఆగిందో చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది.

నా కార్డు 3జిది. ఆ నెట్‌వర్కు మూతపడ్డాక దానికి మోడెంగా పని లేకపోయింది. కాని పక్కన మెమరీకార్డు పెట్టే గూడు ఒకటుంది. చెల్లెలు దాన్ని చాలాకాలం పెన్‌డ్రైవుగా వాడుకుంది.