జూమ్ ఆపేశాక ఫొటో దొరికింది: కొల్లేటికోటలో 36 ఫ్రేమ్‌ల ప్రయోగం

ఫోన్ గ్యాలరీలో నాలుగు వేల ఫొటోలున్నాయి. ఎవరికైనా చూపించాలనిపించేది ఒక్కటీ లేదు. మీకూ ఇలా అయిందా? నాకైతే మూడు నెలలు ఇదే పరిస్థితి. ఈఎంఐలో కొన్న ఫోన్‌ని అమ్మేద్దామని ప్రకటన కూడా రాసి పెట్టుకున్నా.

తప్పు ఎక్కడ జరిగింది?

కైకలూరు దగ్గరి ఆటపాకకి వెళ్లిన ప్రతిసారీ గూడబాతుల మీద 30ఎక్స్ జూమ్ పెట్టేవాణ్ణి. ఇంటికొచ్చి చూస్తే ఈకలన్నీ రంగు అలికినట్టు ఉండేవి. చాలా ఫోన్లలో ఆప్టికల్ జూమ్ 3ఎక్స్ లేదా 5ఎక్స్ దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన జరిగేది సెన్సార్ మధ్య భాగాన్ని కత్తిరించి, సాఫ్ట్‌వేర్‌తో వివరాలు పూరించడమే. కానీ నా అసలు సమస్య వేరు. నెట్‌లో చూసిన వేరేవాళ్ల ఫొటోనే మళ్లీ తీయాలని చూస్తున్నా.

మూడు రూల్స్

ఈసారి పక్షుల్ని వదిలేసి, సరస్సు మధ్యలో పెద్దింట్లమ్మ గుడి ఉన్న కొల్లేటికోటకి వెళ్లా. రూల్స్ ఇవి:

1. 1ఎక్స్ మెయిన్ కెమెరా మాత్రమే.
2. పాత ఫిల్మ్ రోల్‌లా 36 ఫొటోలే.
3. ఇంటికెళ్లేదాకా గ్యాలరీ తెరవకూడదు.

మొదటి పది ఫొటోలు గంటలో అయిపోయాయి, అన్నీ మామూలివే. అప్పుడు గుర్రపుడెక్క మధ్య నుంచి దోనె నడుపుకుంటూ వచ్చిన ఓ పెద్దాయన అడిగారు.

"పిట్టల కోసమా బాబూ?"

"కాదు బాబాయ్, ఊరికే తిరుగుతున్నా."

"అయితే మా దోనె తియ్యి. దీన్నెవరూ తీయరు."

1ఎక్స్‌లో ఆయన చాలా చిన్నగా కనిపిస్తున్నారు. దగ్గరికి వెళ్లక తప్పలేదు. గట్టు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఆయనతో కాసేపు మాట్లాడా. తర్వాతే షట్టర్ నొక్కా. గెడ పట్టుకున్న చేతులు, వెనక ఆకుపచ్చగా పరుచుకున్న నీళ్లు. ఆ ఒక్క దోనెకే తొమ్మిది ఫ్రేములు ఖర్చు పెట్టా.

వాడిన సెట్టింగ్స్

ప్రో మోడ్, రా ఫార్మాట్. గెడ కదలిక చెదరకుండా షట్టర్ 1/500. ఐఎస్ఓ 100 నుంచి 400 లోపు. పొద్దున్నే ఆకాశం తెల్లగా కాలిపోకుండా స్క్రీన్ మీద నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కొంచెం తగ్గించా.

ఫలితం?

36లో 31 పనికిరావు. మూడు పర్లేదు. రెండు మాత్రం నాకు నిజంగా నచ్చాయి. అందులో ఒకటి ఆ పెద్దాయన కొడుకు వాట్సాప్‌కి పంపిస్తే, వాళ్లింట్లో ఫ్రేమ్ కట్టించుకుంటామన్నారు. ఇన్నాళ్ల లైకుల్లో రాని ఆనందం ఆ ఒక్క మెసేజ్‌లో వచ్చింది.

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. పక్షుల కోసం వెళ్లండి, తప్పులేదు. కానీ ఫొటోలంటే విసుగొచ్చినప్పుడు కొత్త ఫోన్ కోసం వెతికే ముందు, మీ ఊళ్లోనే ఓ ఉదయం 36 ఫ్రేములతో తిరిగి చూడండి.

నా అమ్మకం ప్రకటన? డిలీట్ చేసేశా.