క్రియాటినిన్ అడగని డాక్టరు

కిడ్నీ జబ్బు పట్టి పీడించే ఉద్దానంలో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే మాట ఎవరికీ కొత్త కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో చదువు రాని పెద్దాయన కూడా పోయిన నెల తన అంకె ఎంతుందో చెప్పగలడు. అందుకే, అంగస్తంభన సమస్యకి ఫోనులో వైద్యం వెతుక్కునే మావాళ్లకి ముందుగా ఒక గుర్తు చెప్తాను. అవతల ఉన్న డాక్టరు మీ క్రియాటినిన్ అడగలేదా? ఆ చీటీ మీద మందు కొనకండి.

ఫోను వైపు ఎందుకు చూస్తారో నాకు తెలుసు. కాశీబుగ్గలో మందుల షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర తెలిసినవాడే ఉంటాడు. టెక్కలి ఆస్పత్రి వరసలో పక్క ఊరి బంధువు కనిపిస్తాడు. సిగ్గుతో ఏళ్లు గడిపేసే కంటే ఫోనులో డాక్టరుతో మాట్లాడటం ఎంతో మేలు. అది చట్టబద్ధం కూడా. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం చూసేది రిజిస్టర్డ్ డాక్టరే అయివుండాలి. చీటీ మీద ఆయన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. కంప్యూటర్ ప్రోగ్రాం తనంతట తాను మందు రాయడానికి వీల్లేదు. నాలుగు ప్రశ్నలకి టిక్కులు పెట్టించుకుని, మనిషి ముఖం చూపించకుండా మాత్రలు పంపేస్తామంటే అది వైద్యం కాదు, అమ్మకం.

క్రియాటినిన్ సంగతి ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, ఈ సమస్యకి ఎక్కువగా రాసేవి సిల్డెనాఫిల్, టడలాఫిల్. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల రక్తంలో ఈ మందుల స్థాయి పెరిగిపోతుంది. మామూలుగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే సిల్డెనాఫిల్‌ని వాళ్లకి 25తో మొదలుపెడతారు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి టడలాఫిల్ 5 మిల్లీగ్రాములు దాటకూడదు, అదీ 72 గంటల్లో ఒక్కసారే. రోజూ ఒకటి వేసుకునే పద్ధతి వాళ్లకి అసలు పనికిరాదు. అసలు కిడ్నీ జబ్బే ఈ సమస్యని తెస్తుంది. రక్తహీనత, హార్మోన్ల తగ్గుదల, రక్తనాళాలు గట్టిపడటం, వారానికి మూడు రోజులు డయాలిసిస్ చుట్టూ తిరిగే మనసు నలుగుడు, అన్నీ కలుస్తాయి. అది మగతనం తగ్గిపోవడం కాదు, జబ్బులో ఒక భాగం.

డాక్టరు అడగాల్సిన రెండో ప్రశ్న గుండె గురించి. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు ఈ మాత్రల జోలికి పోకూడదు. రెండూ రక్తనాళాలని వదులు చేసేవే. కలిశాయంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మూత్రం సరిగా రాక ప్రోస్టేట్‌కి వాడే మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కూడా చెప్పాల్సిందే. మన గోడల మీద ‘నరాల బలహీనత’ అని రాస్తారు గానీ, చాలామందిలో లోపం రక్తనాళాలది. అంగానికి వెళ్లే నాళాలు గుండె నాళాల కంటే సన్నవి, అందుకే ముందు అక్కడ బయటపడుతుంది. నలభై దాటిన మనిషికి ఇది గుండెపోటుకి కొన్నేళ్ల ముందే వచ్చిన కబురు కావచ్చు. కాబట్టి షుగరు, బీపీ, కొలెస్టరాల్ చూడాలనకుండా మాత్ర ఒక్కటే రాసే సేవ సగం వైద్యమే చేసినట్టు.

ఆ గోడ రాతల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. లైంగిక శక్తి పెంచుతామని మందుకి ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ ప్రకటన ఫోనులో కనిపించినా అంతే. ‘మూలికలే’ అని అమ్మే పొట్లాల్లో సిల్డెనాఫిల్‌ని రహస్యంగా కలిపిన ఉదంతాలు చాలా దేశాల్లో పట్టుబడ్డాయి. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి, అవి కిడ్నీని తినేస్తాయి. ఉద్దానం మనిషికి అంతకంటే చేటు లేదు.

డబ్బు పెట్టే ముందు కేంద్ర ప్రభుత్వ ఫోను వైద్య సేవ ఈ-సంజీవని ఉచితమని గుర్తుంచుకోండి. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లు మాత్రం ఫోనుతో మొదలుపెట్టకుండా, 2023 డిసెంబరులో తెరిచిన పలాస కిడ్నీ ఆస్పత్రిలోనో, తమని ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గరో ఈ మాట ఎత్తాలి. డయాలిసిస్ రోగుల నోట ఈ మాట వినడం ఆ డాక్టర్లకి కొత్తేమీ కాదు.

ఫోనులో మాట్లాడేవాళ్లు ఇంట్లో చోటు లేకపోతే జీడితోటలోకి వెళ్లండి. కొత్త రక్తపరీక్ష కాగితం, వాడుతున్న మాత్రల అట్టలు చేతిలో పెట్టుకోండి. మాత్ర మొదలుపెట్టాక దాని పేరు మీ ఆస్పత్రి పుస్తకంలో రాయించి, ఆ సంగతి ఇంటావిడకి చెప్పండి. ఏ రాత్రో ఛాతీ పట్టేసి 108 ఎక్కాల్సి వస్తే, మీకు మాట రాకపోయినా, నైట్రేట్ ఇవ్వబోయే చెయ్యిని ఆమె ఆపగలదు.