మోటరు తెలిసినోనికి కంప్యూటరు తెల్వదా?

బాయికాడ మోటరు నడ్వకుంటె సీదా మోటరు గుంజి వైండింగుకు తీస్కపోతమా? పోం. ముందుగాల కరెంటు ఉందా చూస్తం. మూడు ఫేజులు వస్తున్నయా, ఫీజు పోయిందా, స్టార్టరు పట్టుతుందా అని ఒక్కోటి చూసుకుంట పోతం. పానగల్‌ల ఉదయసముద్రం కింద ఎవుసం చేసే ఏ ఇంటి పోరన్ని అడిగినా ఈ వరుస చెప్తడు. గదే పోరడు ఇంట్ల కంప్యూటరు ఆన్ కాకుంటె మాత్రం డబ్బను సంకల వెట్టుకొని నల్లగొండకు ఉరుకుతడు.

అక్కడ ‘మదర్‌బోర్డు పోయింది’ అంటరు. నిజమో కాదో మనకు తెల్వది. నాకు తెలిసిన ఓ ఆడపిల్ల గ్రూప్స్‌కు రాసుకున్న రెండేండ్ల నోట్సు గట్లనే పోయింది. ఓ షాపుల అడగకుండనే ఫార్మాట్ కొట్టిన్రు. కంప్యూటరు ఆన్ కాకున్నా మన ఫైళ్లు హార్డ్‌డిస్కుల భద్రంగనే ఉండొచ్చు. ఈ ఒక్క ముచ్చట తెలిసుంటె ఆ నోట్సు మిగిలేది. అందుకే రాస్తున్న.

కరెంటు పొయ్యే తొవ్వ పట్టుకొని చూడాలె. ఒక్కసారి ఒక్కటే మార్చాలె.

లైటు రాదు, ఫ్యాను తిరగదు: కరెంటు లోపలికి పోతలేదన్నట్టు. అదే ప్లగ్గుల సెల్ ఛార్జరు పెట్టి చూడున్రి. డబ్బ వెనుక చిన్న స్విచ్చు ఆఫ్‌ల ఉందేమో చూడున్రి. చానా మానిటర్లకు, డబ్బకు ఒక్కతీరు వైరే ఉంటది, అటుదిటు మార్చి చూడున్రి. ఇయన్నీ మంచిగుంటె అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదికి పోతది. 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులకు దించేది అదే. కానీ దాన్ని ఇప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపల కెపాసిటర్లల్ల కరెంటు నిలువ ఉంటది. అది మెకానిక్ పని.

ఫ్యాను తిరుగుతది, తెర నల్లగుంటది: ముందు మానిటరు కేబులు గట్టిగ బిగించున్రి. గ్రాఫిక్స్ కార్డుంటె కేబులు దానికే పెట్టాలె. ఆగాగి బీప్ బీప్ మంటె ఎక్కువసార్లు ర్యామ్ గొడవే. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకండ్లు ఒత్తి పట్టి, డబ్బ ఇనుము ముట్టుకొని, అప్పుడు ర్యామ్ తియ్యున్రి. బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ తుడ్వున్రి. రెండు దిక్కుల టక్కుమనేదాంక ఒత్తున్రి. రెండు ర్యాములుంటె ఒక్కోటి పెట్టి చూడున్రి. మన దుబ్బకు ఈ జబ్బు మామూలే.

కంపెనీ బొమ్మ వచ్చి ఆగుతది: పెన్‌డ్రైవ్ ఉంటె తియ్యున్రి. హార్డ్‌డిస్కు వైర్లు బిగించున్రి. తేదీ ప్రతిసారీ ఎనుకకు పోతుంటె సీఆర్ 2032 అనే రూపాయి బిళ్ళంత సెల్లు మార్చున్రి. డిస్కుల టిక్కుటిక్కుమని చప్పుడొస్తె ఇంక ఆన్ చెయ్యొద్దు, ముందు ఫైళ్లు కాపాడుకోవాలె.

కాలిన వాసనొచ్చినా, బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బినా షాపుకు పోవాల్సిందే. పోతె మూడు మాటలు గట్టిగ చెప్పున్రి: ‘ఏ పార్టు పోయిందో చూపియ్యి. పాత పార్టు నాకియ్యి. ఫైళ్లు తియ్యకుండ ఫార్మాట్ కొట్టొద్దు.’

ఇది పైసలు మిగిలిచ్చుకునే ముచ్చట ఒక్కటే కాదు. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు మీద 2022 జూలైల కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ ఏసింది. ఎవుసం పనిముట్లు, సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు అందుల ఉన్నయి. అంటె ట్రాక్టరు బాధ, సెల్లు బాధ ఒక్కటేనని సర్కారుకు గూడ సమజైంది. కానీ డబ్బ మూత ఇప్పనీకే భయపడేటోడు ఏ హక్కును అడుగుతడు? ఊర్లె మూలకు పడేసిన పాత కంప్యూటరు ఒకటి తెచ్చి, నలుగురు కలిసి ఇప్పి బిగించున్రి. అండ్ల పార్టుల పేర్లు తెలిసినంక షాపుల మీతోని మాట్లాడే తీరే మారుతది.