కలిపే పెట్టె, కొలిచే పెట్టె

శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు అతని ముందుండే పెట్టెను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? దాని నిండా తిప్పే నాబ్‌లు, పైకీ కిందికీ జరిపే మీటలు ఉంటాయి. హరిదాసు గొంతు తగ్గితే అతను ఒక మీటను పైకి జరుపుతాడు. మృదంగం మోత ఎక్కువైతే ఇంకొకదాన్ని కిందికి దించుతాడు. ఆ పెట్టె పేరు మిక్సర్. వంటింట్లోని మిక్సీకీ దీనికీ పేరులోనే పోలిక అనుకునేరు, పనిలో కూడా ఉంది. ఏమిటో కాసేపట్లో చూద్దాం.

మీ బడిలో ఒక బుర్రకథ దళం ఉందనుకోండి. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు. వాళ్ళ కథను ఇంట్లోనే కంప్యూటర్‌లోకి రికార్డు చేయాలని మీకు సరదా పుట్టింది. "మిక్సర్ కొను" అంటాడు ఒకడు. "కాదు, ఆడియో ఇంటర్‌ఫేస్ కొను" అంటాడు ఇంకొకడు. దుకాణానికి వెళితే రెండు పెట్టెలూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. మైకు తీగలు గుచ్చే రంధ్రాలు రెండింటికీ ఉంటాయి, నాబ్‌లూ రెండింటికీ ఉంటాయి. లోపల జరిగే పని మాత్రం వేరు. అది తెలియకుండా కొంటే డబ్బుతోపాటు కథ కూడా పోయే ప్రమాదం ఉంది.

ముందు మైకు సంగతి చూద్దాం. మైకులో పలుచని పొర ఒకటి ఉంటుంది. మనం మాట్లాడితే గాలి కంపించి, ఆ పొరను కంపింపజేస్తుంది. పొరకు అంటించిన సన్నని తీగచుట్ట అయస్కాంతం చెంత ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఇలా కదిలే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సంగతి మీరు చదువుకునే ఉంటారు. అయితే పుట్టేదెంత? కొద్ది మిల్లీవోల్టులు మాత్రమే. టార్చిలైటు సెల్లు ఇచ్చే 1.5 వోల్టులలో అది సుమారు వెయ్యో వంతు. అందుకని దాన్ని మొదట కొన్ని వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు పెంచాలి. ఆ పని చేసే భాగం ప్రీఆంప్. ఇది మిక్సర్‌లోనూ ఉంటుంది, ఇంటర్‌ఫేస్‌లోనూ ఉంటుంది. కండెన్సర్ మైకులని మరో రకం ఉంది. వాటిలో చాలావాటికి తీగ గుండా 48 వోల్టులు అందించాలి. కొనబోయే పెట్టె మీద 48 అంకె ఉన్న బొత్తాము ఉందో లేదో చూసుకుంటే ఆ సంగతి తేలిపోతుంది.

ఇక్కడి నుంచి రెండు పెట్టెల దారులు చీలిపోతాయి.

మిక్సర్ చేసేది కూడిక. ఒకానొక క్షణంలో కథకుడి మైకు నుంచి 5, వంత మైకు నుంచి 3 వచ్చాయనుకోండి. మిక్సర్ బయటికి పంపేది 8. మీటల పనల్లా కూడే ముందు ఒక్కొక్కదాన్ని పెంచడమో, తగ్గించడమో. పందిట్లో కావలసింది ఇదే. లౌడ్‌స్పీకరుకు అన్నీ కలిసిన ఒక్క సంకేతం చాలు. జనం వినేశాక ఆ శబ్దంతో మళ్ళీ పని ఉండదు.

రికార్డింగు సంగతి అలా కాదు. మరునాడు తీరిగ్గా వింటే, కథలో సగం మాటలు డక్కీ మోతలో కొట్టుకుపోయాయని తెలిసింది. సరే, ఆ 8లోంచి 3ను తీసేద్దామా? 8 అంటే 5, 3 అనే ఎందుకనుకోవాలి? 6, 2 కావచ్చు. 7, 1 కూడా కావచ్చు. కూడిన మొత్తాన్ని చూసి, కూడిన అంకెలేవో చెప్పలేం. మిక్సీలో పచ్చడి రుబ్బేశాక కొబ్బరి ఎక్కువైందని తీయగలమా? ఇదీ అంతే.

ఈ చిక్కు మహామహులకే తప్పలేదు. బీటిల్స్ బృందం 1967లో వెలువరించిన 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బం లండన్‌లో, నాలుగే ట్రాకులున్న టేపు యంత్రాల మీద తయారైంది. నాలుగూ నిండాక వాటిని కలిపి ఇంకో యంత్రం మీద ఒకటి రెండు ట్రాకులుగా ఎక్కించి, మిగిలిన చోట కొత్త వాద్యాలు చేర్చేవారు. అలా కలిపిన ట్రాకులో దేన్నీ విడిగా హెచ్చించడానికీ తగ్గించడానికీ వీలుండేది కాదు. ఆ బృందంలోని జాన్ లెనన్ 1970ల చివర ఇంట్లో పియానో వాయిస్తూ పాడి, ఒక పాటను క్యాసెట్‌లో పట్టాడు. గొంతూ పియానో కలిసిపోయాయి. 1980లో ఆయన మరణించాడు. మిగిలిన ముగ్గురూ 1995లో ఆ పాటను పూర్తిచేయబోయి వదిలేశారు. శబ్దాలను వేరుచేయడం కంప్యూటర్లకు నేర్పిన తరువాత, 2023లో 'నౌ అండ్ దెన్' పేరుతో అది విడుదలైంది. ఇప్పుడు అలాంటి సాధనాలు ఇంటి కంప్యూటర్లకూ వచ్చాయి. కానీ అవి చేసేది తెలివైన ఊహ మాత్రమే. విడివిడిగా పట్టుకునే వీలుండగా ముందే కలిపేసి తరువాత ఊహించుకోవడం దేనికి?

ఇంటర్‌ఫేస్ ముఖ్యంగా చేసే పని కొలవడం. ఒక్కొక్క మైకు నుంచి వచ్చే వోల్టేజిని క్షణక్షణం కొలిచి, అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు పంపుతుంది. కథకుడి అంకెలు ఒక వరసలో, వంతల అంకెలు వేరే వరసల్లో చేరతాయి. కలపడం తరువాత మీరే చేసుకోవచ్చు. నచ్చకపోతే మళ్ళీ మొదటి నుంచి కలపవచ్చు.

ఎంత తరచుగా కొలవాలి? సినిమాలో వేగంగా పోయే బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం మీరు చూసే ఉంటారు. కెమెరా సెకనుకు 24 బొమ్మలే తీస్తుంది. చక్రం ఆకులు అంతకన్నా చురుగ్గా కదిలితే బొమ్మలు అబద్ధం చెబుతాయి. శబ్దానికీ ఇదే సూత్రం. ఒక కంపనాన్ని సరిగా పట్టాలంటే, అది ఒకసారి పూర్తయ్యేలోగా రెండుసార్లకు మించి కొలవాలి. మన చెవి వినగలిగేది సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు. కనుక కొలతలు 40,000 దాటాలి. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కులో ఈ సంఖ్య 44,100. ఇప్పటి ఇంటర్‌ఫేస్‌లన్నీ ఈపాటి పని చేస్తాయి. సెకనుకు 1,92,000 సార్లు కొలుస్తుందని పెట్టె మీద గొప్పగా రాసి ఉంటే, అందుకోసం మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. మన బుర్రకథ గబ్బిలాలు వినేది కాదు.

ఆ డబ్బు పెట్టవలసింది మైకు రంధ్రాల సంఖ్య మీద. ఒక్కరే పాడి, ఆపైన ఒక్కొక్క వాద్యాన్నీ విడిగా చేర్చుకునేవారికి రెండు చాలు. బుర్రకథ అలా కుదరదు. కథకుడి మాట తెగీ తెగకముందే వంత అందుకోవాలి, ముగ్గురూ ఒకేసారి ఉండాలి. అందువల్ల కనీసం మూడు, వీలైతే నాలుగు ప్రీఆంప్‌లున్నది తీసుకోండి. పెట్టె మీద ఎనిమిది దారులని రాసి ఉన్నా, వాటిలో మైకుకు పనికివచ్చేవి రెండే కావచ్చు. రంధ్రాలను మీరే లెక్కపెట్టండి. యు.ఎస్.బి. తీగతో కంప్యూటర్‌కు కలిసే మిక్సర్లూ ఉన్నాయి. చౌకవాటిలో చాలావరకు ఎనిమిది మైకులు తీసుకున్నా, కంప్యూటర్‌కు పంపేది కలిపేసిన రెండు ట్రాకులే. అన్నింటినీ విడివిడిగా పంపే మిక్సర్లకు ఖరీదు ఎక్కువ. "కంప్యూటర్‌కు ఎన్ని ట్రాకులు వెళతాయి?" అని దుకాణంలో తప్పక అడగండి.

ఎంత మంచి పెట్టె కొన్నా, దాని కొలబద్దకు ఒక చివర ఉంటుంది. డక్కీ దెబ్బ ఆ చివర దాటితే, దాటిన భాగం అంకెల్లోకి రాదు. తరంగం తల తెగి, శబ్దం పగిలినట్టు వినిపిస్తుంది. తెగిన తలను ఏ మీటా తిరిగి తేలేదు. కాబట్టి దళాన్ని ఉన్నంత బలంగా వాయించమని, ఆ మోత కొలబద్దలో నాలుగో వంతు దగ్గర ఆగేలా నాబ్ తిప్పి పెట్టండి. శబ్దం చిన్నదైపోతుందన్న బెంగ వద్దు. 24 బిట్ల కొలబద్దకు 1,67,77,216 గీతలుంటాయి. అందులో నాలుగో వంతన్నా నలభై లక్షలకు పైనే.

ఇంకొక్క చిన్న బొత్తాము ఉంది. మైకు శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్ళి హెడ్‌ఫోనులోకి తిరిగిరావడానికి ఒక సెకనులో నూరో వంతు దాకా పట్టవచ్చు. అంత సమయంలో శబ్దం గాలిలో సుమారు 3.4 మీటర్లు పోతుంది. వంత తన పక్కవాడి గొంతును ఆ ఆలస్యంతో విన్నా సర్దుకుంటాడు, వేదిక మీద అలవాటే కదా. కథకుడి అవస్థ వేరు. అతని గొంతు పుర్రె ఎముకల గుండా అతని చెవికి అప్పటికే చేరిపోతుంది. వెనకనే హెడ్‌ఫోనులో మళ్ళీ వినిపిస్తే నాలుక తడబడుతుంది. అందుకే చాలా ఇంటర్‌ఫేస్‌లలో మైకు శబ్దాన్ని కంప్యూటర్ దాకా పంపకుండా నేరుగా హెడ్‌ఫోనుకు మళ్ళించే ఏర్పాటు ఉంటుంది. దాని పేరు డైరెక్ట్ మానిటర్. కొనేముందు హెడ్‌ఫోను పెట్టుకొని, ఆ బొత్తాము నొక్కి, రెండు మాటలు గట్టిగా మాట్లాడి చూడండి.