మలుపుల్లేని దారిలో రేసు సీటు

మా మేనకోడలు ఇంజనీరింగులో చేరగానే గేమింగ్ కుర్చీ కావాలంది. ఆటల కన్నా ఆ కుర్చీ అందం మీదే దాని మోజు: గులాబీ రంగు, నెత్తిన రెండు పిల్లి చెవులు. పెట్టె విప్పి, బోల్టులు బిగించి నిలబెట్టాక, దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి అడిగింది: "మామయ్యా, వీపు దగ్గర ఈ రెండు కన్నాలెందుకు?"

మెడ దిండు పట్టీ దూర్చడానికి అన్నాను. అది సగం జవాబే. మిగతా సగం కార్ల పందేల్లో ఉంది.

పందెం కారులో డ్రైవరును సీటుకు కట్టేసే బెల్టులు రెండు భుజాల మీదుగా వెనక్కి పోతాయి. అవి దూరడానికే ఆ కన్నాలు. రెండు పక్కలా లేచి ఉండే రెక్కల సంగతీ అంతే. కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు తిరుగుతోందనుకోండి. 60 కిలోల డ్రైవరు కారుతో పాటే తిరగాలంటే, అతణ్ని పక్కనుంచి దాదాపు 49 కిలోల బరువంత బలంతో నెట్టాలి. ఆ నెట్టే పని రెక్కది. బల్ల ముందు కూర్చున్న పిల్లకు మలుపెక్కడిది?

కారు సీట్ల తయారీతో మొదలైన డీఎక్స్‌రేసర్ కంపెనీ 2006లో ఆ ఆకారాన్నే ఆఫీసు కుర్చీ కాళ్ల మీద ఎక్కించింది. అలా గేమింగ్ కుర్చీ పుట్టింది. రేసు సీటు రూపం ఇంట్లోకి వచ్చింది గానీ, దాని పని రోడ్డు మీదే ఉండిపోయింది. హాయి ఎక్కణ్నుంచి వస్తుందో తెలియాలంటే కుర్చీని తలకిందులు చేసి చూడాలి. అక్కడున్నది ఇంకా పాత కుటుంబం.

చక్రాలతో మొదలుపెడదాం. ఇంగ్లండులోని డౌన్ హౌస్‌లో చార్లెస్ డార్విన్ తన చేతుల కుర్చీకి చక్రాలు తగిలించుకున్నాడు. గదిలో ఒక నమూనా దగ్గర్నుంచి ఇంకో నమూనా దగ్గరకు లేవకుండానే జరిగిపోవడానికి. 1849లో అమెరికాలో థామస్ వారెన్ సీటు కింద వంచిన ఉక్కు స్ప్రింగులు పెట్టి, తిరుగుతూ అన్ని వైపులకూ ఊగే కుర్చీ చేశాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో అది జనం కంట పడింది.

తరవాత కాళ్లు. చక్రాలున్న కుర్చీకి ఐదు కాళ్లే ఎందుకు? కాలు పొడవు 30 సెంటీమీటర్లనుకుందాం. నాలుగు కాళ్ల కొనలు కలిపితే చతురస్రం. నడిమి నుంచి దాని అంచుకు 21 సెంటీమీటర్లే. ఒంటి బరువు ఆ అంచు దాటితే కుర్చీ పల్టీ. ఐదు కాళ్లతో ఆ దూరం 24 అవుతుంది. ఆరో కాలు పెడితే 26. అక్కడికి లాభం తగ్గి, మన పాదాలకు అడ్డం పెరుగుతుంది. అందుకే ఐదు దగ్గర ఆగారు.

ఇక ఎత్తు మార్చే గొట్టం. జర్మనీకి చెందిన స్టాబిలస్ 1962లో గ్యాస్ స్ప్రింగులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. గొట్టంలో బాగా కుక్కిన నైట్రోజన్ ఉంటుంది. మధ్యలో పిస్టన్, దానికి ఒక పక్కనే కడ్డీ. కడ్డీ ఉన్న వైపు గ్యాసు తోయడానికి చోటు తక్కువ కాబట్టి, రెండు వైపులా పీడనం ఒకటే అయినా కడ్డీ బయటికే తన్నుతుంది. మీట ఎత్తితే కవాటం తెరుచుకుని గ్యాసు అటూ ఇటూ పారుతుంది. కూర్చుని ఎత్తితే సీటు దిగుతుంది, లేచి ఎత్తితే పైకొస్తుంది. మీట వదిలితే ఎక్కడిదక్కడ ఆగుతుంది. పాడైతే మార్చుకోవాలే తప్ప, ఆ గొట్టాన్ని విప్పబోకూడదు.

చివరిది నడుము. 1960ల్లో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది దించి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటి కన్నా కూర్చున్నప్పుడే బాగా ఎక్కువని తేల్చాడు. 1999లో జర్మనీలోని ఉల్మ్‌లో విల్కె బృందం ఒక వ్యక్తి డిస్కులో కొలమానిని అమర్చి చూస్తే లెక్క మారింది: నిలబడితే 0.50 మెగాపాస్కల్, వీపు ఆన్చకుండా కూర్చుంటే 0.46. కుర్చీలో జారగిలబడితే మాత్రం 0.27. కూర్చోవడం ఎంత చెడ్డదన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు గానీ, వెనక్కి వాలితే నడుము తేలికపడుతుందన్న దగ్గర కుదిరింది. వసారాలో పడక కుర్చీ వేసుకున్న తాతలు సూది దించకుండానే ఆ సంగతి కనిపెట్టారు. 1994లో బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ రూపొందించిన ఏరాన్ కుర్చీ దిండ్లు తీసేసి బిగుతైన వల పరిచింది. ఒంటి బరువును పంచుతూ గాలి ఆడనిచ్చే ఆ వలను చూస్తే మనకు నులక మంచమే గుర్తొస్తుంది.

కాబట్టి తక్కువ డబ్బుతో కొనేటప్పుడు రంగు, చెవులు మీ ఇష్టం. బేరం మాత్రం కింది భాగాల మీద ఆడండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. వీపు వాల్చితే ఎక్కడంటే అక్కడ నిలవాలి. నడుము దిండు పైకీ కిందికీ జరగాలి. బాసింపట్టు వేసుకునే అలవాటుంటే సీటు పక్కల రెక్కలు లేనిదే ఎంచుకోండి; అవి తొడల్ని ఒత్తుతాయి. కోస్తా ఉక్కపోతలో పాలీయురెథేన్ తోలు తేమకు చెడి పొరలు పొరలుగా ఊడుతుంది, గుడ్డో వలో నయం. అన్నీ కుదిరినా అరగంటకోసారి లేవాల్సిందే. ఎంత మంచి భంగిమైనా కదలకుండా ఉంటే నొప్పే.

ఇవన్నీ మా మేనకోడలికి చెబుదామని గదిలోకి వెళ్లాను. కుర్చీ ఖాళీగా ఉంది. పిల్ల మంచమ్మీద బోర్లా పడుకుని చదువుకుంటోంది. పందెం బెల్టు దూరాల్సిన కన్నంలోంచి దాని చున్నీ వేలాడుతోంది.