గృహమున విద్యుత్తు మాటిమాటికి తెగిపోవుటకు కారణమును కనుగొను విధము

గడచిన వర్షాకాలమున మా యింట నొక చిక్కు పుట్టెను. పక్షము దినములలో ఎనిమిది మారులు ఇల్లంతయు చీకటి యయ్యెను. వీధిలోని తక్కిన యిండ్లలో దీపములు వెలుగుచునే యుండెను. ప్రతి పర్యాయమును మీటరు ప్రక్కనున్న పెట్టెలో నొక మీట తనంతట తానే క్రిందికి పడియుండెను. దానిని పైకెత్తినచో ఒకప్పుడు నిలుచును, ఒకప్పుడు నిలువదు. పరీక్షలకు చదువుకొను పిల్లలు విసిగిరి. పొరుగున నున్న పెద్దమనిషి యొకరు వచ్చి, "మాస్టరుగారూ, ఆ మీటకే ఏదో జబ్బండీ. దాన్ని తీయించేసి తీగలు తిన్నగా కలిపించండి. మా యింట్లో అలాగే చేశాము, పీడ వదిలింది" అని సలహా చెప్పిరి. మేమును ఆ మాటకు సగము లొంగితిమి. ఆ పని చేయకపోవుట యెంత మేలయ్యెనో తుదకు చెప్పెదము. అంతకు ముందు ఈ మీటలు ఏల పడునో విద్యార్థులు గ్రహింపవలెను.

పూర్వము ఇండ్లలో ఫ్యూజు తీగ మాత్రమే యుండెడిది. ప్రవాహము మితిమీరినప్పుడు అది కరగి తెగిపోయెడిది. మరల మరల పైకెత్తి వాడుకొనుటకు వీలగు చిన్న మీటకు జర్మనీ దేశస్థుడగు హ్యూగో స్టోట్జ్ 1924లో పేటెంటు పొందెను. దానినే నేడు మనము ఎం.సి.బి. అనుచున్నాము. దానిలోపల ఇద్దరు కావలివాండ్రు గలరని చెప్పవచ్చును. ఒకడు రెండు లోహములు అతికిన పట్టీ. ప్రవాహము అధికమైనకొలది ఆ పట్టీ వేడెక్కి వంగి మీటను పడవేయును. రెండవవాడు విద్యుదయస్కాంతము. రెండు తీగలు నేరుగా తాకి ప్రవాహము ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగినచో, ఇతడు కనురెప్పపాటులో మీటను లాగివేయును.

ఇందు మొదటివాని స్వభావము తెలిసినగాని "ఒకనాడు పడును, ఒకనాడు పడదు" అను వింతకు అర్థము తెలియదు. మన యిండ్లలో విద్యుత్తు 230 వోల్టులు. 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లను లాగును. 1800 వాట్ల ఇండక్షను పొయ్యి 7.8, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.3. ఈ మూడును ఒకే 16 ఆంపియర్ల మీటక్రింద నడచినచో మొత్తము 20.8 ఆంపియర్లగును. ప్రమాణము ననుసరించి, అట్టి మీట 18 ఆంపియర్లవరకు ఒక గంటసేపు పడకుండ నిలువవలెను. 23 ఆంపియర్లు దాటినచో గంటలోపల పడితీరవలెను. మన 20.8 ఈ రెంటికి నడుమ నున్నది. కాబట్టి అది అరగంటకు పడవచ్చును, పడకపోవచ్చును. గ్రీష్మకాలమున పెట్టె స్వయముగా వేడెక్కియుండుటచే ఇంకను త్వరగా పడును. ఇట్టి యెడల లోపము మీటయందు లేదు, మన వాడుకయందు గలదు. కొందరు దీనికి మందుగా 16 తీసివేసి 32 ఆంపియర్ల మీటను పెట్టింతురు. మీట పెద్దదైనది గాని గోడలోని తీగ పెద్దది కాలేదు. అప్పుడు వేడెక్కునది మీట కాదు, తీగ. అగ్నిప్రమాదములు ఇట్లే పుట్టుచుండును.

మా యింట పడుచున్న మీట వేరొక జాతిది. దానిని ఆర్.సి.సి.బి. అందురు. ఇది ప్రవాహ మెంతయని చూడదు. ఫేజు తీగలో పోయిన ప్రవాహమంతయు న్యూట్రలు తీగలో తిరిగి వచ్చుచున్నదా యని మాత్రమే చూచును. కొట్టుకు పంపిన కుఱ్ఱవాడు తెచ్చిన చిల్లర సరిపోయినదా యని గృహిణి లెక్కచూచుకొనునట్లే ఇదియు చూచుచుండును. లెక్క తక్కువైనదన్న, ఆ ప్రవాహము తడిగోడ ద్వారా గాని మనుష్యుని దేహము ద్వారా గాని భూమికి పోవుచున్నదన్నమాట. ఇండ్లలో పెట్టునది 30 మిల్లీ ఆంపియర్లది, అనగా ఆంపియరులో నూటికి మూడు పాళ్లు. అంత స్వల్పమైన లోటు కనబడగానే సెకనులో మూడు పదవ వంతులు మించకుండ అది తెంచివేయును. మనుష్యుని గుండె లయ తప్పుటకు దాదాపు ఇంతటి ప్రవాహము కొంతసేపు పోయిన చాలును. ఆ కొంచెపు ప్రవాహము 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి కంటికైనను ఆనదు.

ఇక కారణమును వెదకిన విధము. మేము మొదట ఊహను నమ్మి చెడితిమి. ఫ్రిజ్జు పాతదని దానిని రెండు దినములు ఆపితిమి, గ్రైండరును నిందించితిమి, ఫలము లేకపోయెను. పిమ్మట బడిలో పిల్లలకు చెప్పు శాస్త్రపద్ధతినే ఇంట నవలంబించితిమి. పెట్టెప్రక్క నొక కాగితము కట్టి, మీట పడినప్పుడెల్ల తేది, వేళ, వాన గలదా లేదా, ఏయే పరికరములు నడచుచున్నవి అను నాలుగు సంగతులు వ్రాయుచు వచ్చితిమి. ఐదవ పంక్తికే సంగతి తెల్లమయ్యెను. అన్నియు సాయంకాలము ఆరున్నర తరువాతనే. అన్నియు వాన కురియుచున్న దినములే.

తరువాత వాన పడుచున్న యొక సాయంకాలమున, పొడిచేతులతో, చెప్పులు తొడుగుకొని పరీక్ష చేసితిమి. ప్లగ్గులన్నియు ఊడదీసి, ఎం.సి.బి.లన్నియు దించి, ఆర్.సి.సి.బి.ని ఎత్తితిమి, నిలిచెను. ఎం.సి.బి.లను ఒక్కొక్కటిగా, నడుమ కొంత యెడమిచ్చుచు ఎత్తితిమి, అన్నియు నిలిచెను. అప్పుడు దీపముల స్విచ్చులను వరుసగా వేయుచు రాగా, గేటు దీపము వేసినంతనే ఇల్లు చీకటియయ్యెను. బల్బు తీయించి మరల వేసితిమి; అప్పటికిని పడెను. కాబట్టి దోషము బల్బుయందు లేదు. స్విచ్చికిని దీపపు హోల్డరుకును నడుమ గల తీగయందే యున్నది.

ఇచ్చట నొక హెచ్చరిక. సాధారణముగా ఎం.సి.బి. ఫేజును మాత్రమే తెంచును. న్యూట్రలు కలిసియే యుండును. న్యూట్రలు తీగ భూమిని తాకుచున్నచో, ఆ శాఖ ఎం.సి.బి. దించినను దోషము పోదు. వేరొకచోట బరువైన పరికరము నడచినప్పుడు మీట పడును. అట్టి చిక్కు నిపుణుడే విప్పవలెను. మరియు కంప్యూటరు, బట్టలుతుకు యంత్రము మొదలగు వానినుండి స్వభావముచేతనే కొంచెము కొంచెము ప్రవాహము భూమికి జారుచుండును. దేనికది నిర్దోషియైనను, అన్నియు కూడినప్పుడు మీట పడుటయు గలదు.

గోడలోపలి తీగలు విప్పుట మా పని కాదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియనును పిలిపించితిమి. ఆయన మెయిను ఆపి, మెగ్గరుతో చూడగా ఆ తీగకును భూమికిని నడుమ నిరోధము పదివేల ఓములైనను లేదు. 230 వోల్టులను పదివేలచే భాగించిన 23 మిల్లీ ఆంపియర్లు వచ్చును. ఈ మీట 15 మొదలు 30 లోపల ఎచ్చటనైనను పడవచ్చును. కాగితములోని ప్రతి పంక్తికిని ఈ లెక్క సరిపోయెను.

ఆయన తీగను లాగి చూపెను. గేటు స్తంభములోని యినుప గొట్టపు అంచు తీగ పైపొరను ఒరసి ఒరసి కోసివేసెను. ఎండకాలమున దానికిని గొట్టమునకును నడుమ గాలి యుండెను. వానకాలమున నీరు నిండెను. ఆ గొట్టమునకే గేటు బందులు బిగించియున్నవి. సాయంకాలము ట్యూషను ముగిసి తడికాళ్లతో పోవు పిల్లలందరును ఆ గేటును పట్టి తీయువారే. పొరుగువారి సలహా పాటించియున్నయెడల మా యింట దీపము ఆరకయుండును. గేటు మాత్రము ప్రతి వానరాత్రియు విద్యుత్తుతో నిండియుండును. ఆ యాలోచన వచ్చి మాకు కొంతసేపు నోట మాట రాలేదు.

తీగ మార్పించి, గొట్టపు మూతికి రబ్బరు పట్టీ వేయించి, గొట్టమును ఎర్తుకు కలిపించితిమి. మరునాడే పొరుగువారిని పిలిచి ఆ తెగిన తీగను చూపితిమి. వారు మాటాడక యింటికి పోయి, ఆ వారములోనే తమ మీటను మరల పెట్టించుకొనిరి.

విద్యార్థులారా, మీ యింట మీట పడినప్పుడు దానిపై కోపింపకుడు. అది యొక కబురు తెచ్చినది. ఏ వేళ పడినదో, అప్పుడేమి నడచుచుండెనో వ్రాసియుంచి పెద్దలకు చూపుడు. ఆర్.సి.సి.బి.పై "టీ" అను అక్షరముగల చిన్న బొత్తాము నుండును. మూడు నెలలకొకసారి దానిని పెద్దలచే నొక్కించుడు. నొక్కినను మీట పడకపోయినచో, భయపడవలసినది అప్పుడే.