సైకిలు మీదే... నంబరెంత?

సంతలో సైకిలు పోయిందని పోలీసు స్టేషనుకు వెళితే మొదట అడిగేది నంబరు. 'నల్లదండీ, క్యారియరు కొత్తది' అంటే లాభం లేదు. నల్ల సైకిళ్లు ఊరి నిండా ఉన్నాయి.

మోటారు సైకిలులా దీనికి రిజిస్ట్రేషన్ లేదు. పూర్వం పంచాయతీలు పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవి, ఆ బిళ్ళలూ పోయాయి. మిగిలింది ఫ్రేము నంబరే. సైకిలు తిరగేస్తే పెడళ్ల ఇరుసు గొట్టం అడుగునో, సీటు కింది గొట్టం మీదో చెక్కి ఉంటుంది. మట్టి తుడిస్తేగాని కనబడదు. కొన్ననాడే దాన్ని, ధరతో సహా, బిల్లులో రాయించుకోవాలి. కొందరు షాపువాళ్లు అడగనిదే బిల్లే ఇవ్వరు!

ధర ఎందుకంటారా? 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టాల్లో ఒక మెలిక ఉంది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే మేజిస్ట్రేటు ఆజ్ఞ లేనిదే పోలీసులు దర్యాప్తు చేయకూడదు. పాత సైకిలువాడికి ఇది కష్టమే. ఆ పైన ఉంటే ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి.

వెనక చక్రం తాళం ఒక్కటే చాలదు, ఎత్తుకుపోయేవాడు భుజాన వేసుకునే పోతాడు. గొలుసును ఫ్రేములోంచి దూర్చి స్తంభానికి వేయాలి. ముందు చక్రానికి మాత్రమే వేస్తే ఆ చక్రమే మిగలొచ్చు. సీటు ఊడదీసి గొట్టంలో పేరు, ఊరు రాసిన చీటీ దోపడమూ మంచిదే. రంగు మార్చేవాడికి అది తట్టదు.